ఇంటికో మనిషి

కామాక్షయ్య కొడుకు చొక్కా పట్టుకుని పడవలోంచి కిందికి గుంజాడు.

వినోద్ ఇసుకలో పడ్డాడు. చేతుల నిండా గ్రీజు.

"ఊరి పిలకాయలంతా గ్రౌండులో ఉంటే నీకు ఈడేం పనిరా?"

"ఇంజను బాగుచేస్తా ఉండా నాయనా."

"ఇంజను యాడికీ పోదు. మన ఇంటి పేరు పిలస్తా ఉండారు. నడువు!"

చేపల వేట నిషేధం ఉన్న రెండు నెలలూ ఆ ఊరికి కబడ్డీయే లోకం. ఇంటికో మగమనిషి ఆడాలి. మనిషిని ఇవ్వని ఇంటి పడవ, వేట మళ్ళీ మొదలైన రోజున అన్నిటికన్నా చివర నీళ్ళలో దిగాలి. ఊరంతా ఒడ్డున నిలబడి చూస్తుంటే అలా దిగడం కన్నా పడవని తగలబెట్టుకోవడం మేలని కామాక్షయ్య అభిప్రాయం.

నిరుటి దాకా తనే ఆడాడు. ఈ ఏడు మోకాలు పోయింది. కొడుక్కి పదిహేనేళ్ళు నిండాయి. నిండి ఏం లాభం? గీత గీసిన నేల చూస్తే చాలు, వాడు పడవ చాటుకి పారిపోతాడు.

"వదులు తంబీ. పిలకాయకు ఇష్టం లేదు."

పడవలో, ఇంజను పక్కనుంచి ఒక మనిషి లేచి నిలబడ్డాడు. చేతిలో స్పానరు. తెల్లగడ్డం. యాభై ఏళ్ళుంటాయి.

మూడు రోజులుగా ఊళ్ళో తిరుగుతున్నాడు. మాటలో సగం అరవం. మద్రాసు నుంచి ఎందుకొచ్చావంటే సముద్రం చూడ్డానికంటాడు. అక్కడికి మద్రాసులో సముద్రం లేనట్టు!

వేట లేని రోజుల్లో వచ్చి పడవల్నీ వలల్నీ చూసిపోయేవాళ్ళు ఎవరో కామాక్షయ్యకు బాగా తెలుసు. అవతలి రాష్ట్రం పెద్దబోట్ల వేగులు. వాళ్ళ వల్లే ఊరి వలల్లో చేపల్లేవు. అలాంటివాడికి తన తల్లి పేరమ్మ మూడు పూటలా అన్నం పెడుతోందని తెలిసినప్పటి నుంచీ అతని ఒళ్ళు మండుతూనే ఉంది.

"నా కొడుకు, నా ఇష్టం. మద్దెలో నువ్వెవురు?"

"కొడితే ఆట రాదు."

"మా నాయన కొట్టే నేర్పినాడు. నాకు రాలా? ఆట రాని మొగోడు మా ఇంట్లో పుట్టలా!"

ఆ మనిషి స్పానరు కింద పెట్టి పడవ దిగాడు.

గ్రౌండులో ఊరిపెద్ద చెంచురామయ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"కామాక్షయ్యా, మీ ఇంటి మనిషి యాడ?"

కామాక్షయ్య కొడుకుని గీత లోపలికి తోశాడు. వాడు అక్కడే కూలబడి మొహం కప్పుకున్నాడు. జనం గొల్లుమన్నారు.

కామాక్షయ్యకు తల కొట్టేసినట్టయింది. వెళ్ళి కొడుకుని కాలితో తన్నాడు.

రెండో తన్ను పడేలోపు ఆ మనిషి అడ్డం వచ్చాడు.

"వీడి బదులు నేను ఆడతా."

"నువ్వెట్టా ఆడతావయ్యా? ఊరోడివి కాదే!" అన్నాడు చెంచురామయ్య.

"మూడు దినాలు పేరమ్మ చేతి కూడు తిన్నా. ఆ ఇంటి మనిషినే."

చెంచురామయ్య తల గోక్కున్నాడు. మూడు రోజులు ఒక ఇంట్లో తిన్నవాడు ఆ ఇంటి మనిషే. తుఫానుకి కొట్టుకొచ్చిన పరాయి పడవలవాళ్ళ కోసం తాతలనాడు పెట్టుకున్న కట్టుబాటు అది. ఇతనికెలా తెలుసని ఎవరూ అడగలేదు.

"సరే, దిగు."

ఆ మనిషి చొక్కా విప్పి దిగాడు. కూత పెట్టాడు. అది కూత కాదు, మూలుగు. గీత దాటి నాలుగడుగులు వేశాడో లేదో, ఐదుగురు మీదపడ్డారు.

ఈలలు, నవ్వులు.

"వదలబాకండ్రా! బోటోళ్ళ మనిషి! తొక్కండి!"

అరిచింది కామాక్షయ్యే. తన ఇంటి తరఫున ఆడుతున్నవాడి మీద!

ఆ మనిషి దులుపుకుని బయటికొచ్చాడు. వంతు రాగానే మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ పడ్డాడు.

మూడోసారి భుజం ఎముక విరిగిన చప్పుడు గీత బయటి జనానికీ వినిపించింది.

"చాలు, ఆపండి," అన్నాడు చెంచురామయ్య. "కామాక్షయ్య ఇల్లు మనిషిని ఇచ్చింది. పడవ వంతు నిలబడింది."

నాయుడుపేట ఆసుపత్రికి తీసుకుపోయేందుకు ఆటో వచ్చింది. తోడు ఎవరూ ఎక్కలేదు. వినోద్ ఎక్కబోతే కామాక్షయ్య రెక్క పట్టుకుని ఆపాడు.

"నేను పోతా నాయనా. ఆయప్పకు ఎవురూ లేరు!"

"నోరు ముయ్యి!"

ఆ మనిషి వేలాడుతున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని కామాక్షయ్య వైపు చూశాడు.

"పిలకాయను కొట్టబాక. బంగారం లాంటి పనోడు."

"మళ్ళీ ఈ ఊళ్ళో కనపడితే ఆ రెండో చెయ్యీ ఇరిచేస్తా."

"రాను," అన్నాడతను. ఆటో కదిలింది.

కామాక్షయ్య ఇంటికి వచ్చేసరికి పేరమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన మూతపెట్టిన పళ్ళెం.

"ఆయప్ప యాడరా? పులుసు చల్లారిపోతా ఉండాది."

"నువ్వు దారినపోయేవాణ్ణి కూర్చోబెట్టి మేపితే, వాడు మన ఇంటి మనిషినని చెప్పి కబడ్డీకి దిగినాడు. భుజం ఇరగ్గొట్టుకోని పోయినాడు. పీడ పోయింది."

పేరమ్మ కొడుకు మొహంలోకి చూసింది.

"వాడు కబడ్డీ ఆడినాడా?"

"అదీ ఒక ఆటేనా? కూత పెట్టడం కూడా రాదు."

పేరమ్మ లేచింది. ఆటో వెళ్ళిన దోవ వైపు చూస్తూ కొంగు నోట్లో కుక్కుకుంది.

"చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకున్నాడురా. నీకు ఐదేండ్లప్పుడు, ఆట రాలేదని మీ నాయన తెడ్డుతో కొడితే ఊరిడిసి పారిపోయి, సముద్రంలో పోయినాడని మనమంతా ఏడ్చిన మీ అన్న వాడు."