ఒకే ఒక్క అర్థం

నగోయాలోని వృద్ధాశ్రమంలో హైమ ఆయా. పొద్దుటి నుంచీ అక్కడుండే పెద్దాయన ఒగావా గారు ఆమె చెయ్యి పట్టుకుని "ఎరాయ్, ఎరాయ్" అంటున్నారు. ఫోనులో జపనీస్ నిఘంటువు తెరిస్తే, పెద్ద అక్షరాల్లో ఒకటే అర్థం: గొప్ప. తనను మెచ్చుకుంటున్నారనుకుని, ఆయన అన్నప్పుడల్లా హైమ వంగి దండం పెట్టింది.

మధ్యాహ్నానికి ఆయన మొహం పాలిపోయి చెమటలు పట్టాయి. హైమకు భయం వేసింది.

"ఈ మాటకు ఇంకేం అర్థాలున్నాయి?" అని ఫోనులోని నిఘంటువును అడిగింది. అది గొంతు విప్పింది.

"రెండేళ్లుగా మీ చూపు మొదటి వరుస దాటలేదండీ. అందుకే మీకు వీలుగా మిగతా అర్థాలు తీసేసి పేజీ సర్దేశాం."

"పాత పేజీ చూపించు!"

"అదిప్పుడు ఎవరికీ లేదండీ."

హైమ కేక విని, పక్క గదిలో పనిచేసే కుసుమక్క పరుగెత్తుకొచ్చి తన ఫోనులో అదే మాట వెతికి చూపించింది. అందులోనూ గొప్ప అనే ఉంది.

హైమ గంట నొక్కింది. డాక్టరు వచ్చేసరికి ఒగావా గారి వేళ్లు ఆమె చేతిలోంచి జారిపోయాయి.

"ఒంట్లో తట్టుకోలేనంత బాధగా ఉంటే, ఈ ఊరి పెద్దవాళ్లు ఎరాయ్ అంటారమ్మా," అన్నాడు డాక్టరు నాడి వదిలేస్తూ. "ఎప్పటి నుంచి అంటున్నారు?"

"పొద్దుటి నుంచండీ," అంది హైమ.