చేప క్షేమం

ఎండిన చెరువులో తిమ్మక్క చెలమ తవ్వుతుంటే బురదలోంచి బతికున్న కొరమీను బయటపడింది.

చేపల మీద పరిశోధన చేసే సారు జీపులో పరుగెత్తుకొచ్చాడు.

"నీళ్లు లేకుండా ఇన్నాళ్లు ఎలా బతికిందమ్మా?"

"మేం బతకల్యా సార్? అట్లే."

ఆయన చేప సంగతి మాత్రమే రాసుకున్నాడు. చేపను ఆ గుంటలోనే ఉంచి, దానికి వారానికో ట్యాంకరు నీళ్లు మంజూరు చేయించాడు. మూడేళ్లుగా మేం అర్జీలు పెట్టినా రాని ట్యాంకరు! చేప ఎలా ఉందో వారం వారం కార్డు రాయమన్నాడు.

తిమ్మక్క చెబుతుంది, బడి అయ్యవారిని కాబట్టి నేను రాస్తాను. ఇది ఇరవయ్యో కార్డు:

"చేప బాగుండాది సార్. మూరెడు పెరిగింది. ఒక ట్యాంకరు చాలడంల్యా, రెండు పంపండి."

మొదటి ట్యాంకరు నీళ్లతోనే తిమ్మక్క దాన్ని పులుసు పెట్టింది. ఉప్పు కాస్త ఎక్కువైన సంగతి మాత్రం సారుకు ఇంకా రాయలేదు.