సముద్రం కనిపించే మంచం

ఫోనెత్తిన పెద్దాయన "ఎవరండీ?" అనేలోపే ఇన్షిరాహ్ మొదలుపెట్టేసింది.

తాము ముగ్గురు ఆడవాళ్ళమని, బెనీ సువైఫ్ నుంచి సెలవులకు అలెగ్జాండ్రియా వస్తున్నామని, మూడు రోజులకు ఇల్లు కావాలని, పిన్నికి మోకాళ్ళ నొప్పులు గనక మొదటి అంతస్తు కంటే పైన వద్దని, పొద్దున్నే మంచం మీంచి లేవకుండానే సముద్రం కనిపించాలని గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

ఆయన ఏదో చెప్పబోతుంటే మళ్ళీ ఆమే అందుకుంది.

"సముద్రం కనిపిస్తుందా లేదా?"

"కిటికీలోంచి కనిపిస్తుందమ్మా. మంచం మీంచి అంటే... చూసి చెప్తాను."

ఆ నంబరు బళ్ళో తోటి టీచరు సామియా ఇచ్చింది. తన మరిది స్నేహితుడు అక్కడ ఇళ్ళు అద్దెకిస్తాడంటూ, గంట కొట్టాక పిల్లల గోల మధ్య అంకెలు గబగబా చెప్పేసి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నుంచే ఇంట్లో పండగ మొదలైంది.

తఫీదా పిన్ని మూడు పూటలా చేపలే తినాలంది. చెల్లెలు రావియా కొత్త నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, ట్రామ్ పైఅంతస్తులో ఈ చివర నుంచి ఆ చివరికి తిరగాలంది. ముందు అక్కడి పాత కోటకు వెళ్ళాలా, అన్‌ఫూషీ తీరంలో నీళ్ళలోకి దిగాలా అని అక్కాచెల్లెళ్ళు పోట్లాడుకుని, మాట్లాడుకోవడం మానేసి, పెట్టె సర్దేటప్పుడు మళ్ళీ కలిసిపోయారు.

మర్నాడు ఆయనే ఫోన్ చేశాడు.

"మంచం జరిపించానమ్మా. ఇప్పుడు పడుకునే చూడొచ్చు."

అక్కణ్ణుంచి ఇన్షిరాహ్‌కి మొహమాటం పోయింది. స్నానాలగదిలో పిన్ని కూర్చోడానికి ఎత్తుపీట ఉందా అని ఒకసారి, రావియాకి నిలువుటద్దం ఉందా అని ఇంకోసారి అడిగింది. అడిగినప్పుడల్లా ఆయన చూస్తానమ్మా అనేవాడు. మర్నాటికల్లా ఉందనేవాడు.

ఒకరోజు పిన్ని ఫోన్ లాక్కుంది.

"ఇన్నేళ్ళుగా ఇల్లు అద్దెకిస్తూ, చేపలు వేయించే పెనం కూడా లేదంటావేంటయ్యా?"

"లేదమ్మా. ఇవాళే కొంటాను."

అద్దె మాటెత్తితే, ముందు వచ్చి ఇల్లు చూడండి, తర్వాత మాట్లాడుకోవచ్చు అన్నాడు. ఎవడో వెర్రిబాగులవాడు దొరికాడు, గట్టిగా బేరమాడదాం అని పిన్ని సంబరపడింది.

రైలు దిగగానే ఉప్పుగాలి మొహాన కొట్టింది. ఫోన్లో ఆయన చెప్పిన ఇంటి దగ్గర వాచ్‌మన్ ఇద్రీస్ తాళాలిచ్చాడు. అతని పక్కన ఉన్ని టోపీ పెట్టుకున్న ముసలాయనొకరు గబుక్కున లేచి, రెండు సంచులు అందుకుని మెట్లెక్కాడు. జాగ్రత్తమ్మా, మెట్టు అరిగిపోయింది అన్నాడు. ఆ గొంతు ఎక్కడో విన్నట్టుందే అనుకుంది ఇన్షిరాహ్. అప్పటికే రావియా చెయ్యి పట్టి లోపలికి లాగుతోంది.

కిటికీ నిండా సముద్రం. ముగ్గురూ చెప్పులతోనే మంచమెక్కేశారు.

ఆ మూడు రోజులూ కాళ్ళు నేలమీద నిలవలేదు. ట్రామ్ స్టాప్ దగ్గర కారం కారంగా లివర్ శాండ్‌విచ్‌లు తిన్నారు. రావియా కళ్ళద్దాలు గాలికి ఎగిరి సముద్రంలో పడిపోతే, ఏడవాల్సింది పోయి పొట్ట పట్టుకుని నవ్వారు. సాయంత్రం బాల్కనీలో రావియా కొత్త పెనాన్ని డప్పులా వాయిస్తే, పిన్ని మోకాళ్ళ సంగతే మరిచిపోయి నడుం ఊపింది. కింద ఇద్రీసూ ముసలాయనా కుర్చీల్లోంచే చప్పట్లు కొట్టారు.

రోజూ పొద్దున్నే వేడి రొట్టెలు తెచ్చేది ఆ ముసలాయనే. పిన్ని ఆయన్ని నిమ్మకాయలకని పంపింది. తెచ్చాక, జీలకర్ర చెప్పడం మరిచిపోయానంటూ మళ్ళీ పంపింది. ఆయన విసుక్కోలేదు సరికదా, చేపల్ని కొట్టుకి పట్టుకెళ్ళి, అక్కడి పద్ధతిలో తవుడు రాయించి, బొగ్గులమీద కాల్పించుకొచ్చాడు.

ఆఖరి రోజు పొద్దున్న పిన్ని కిందికి దిగేసరికి, ఆయన మెట్ల కింద దుప్పటి మడత పెట్టుకుంటున్నాడు.

"ఈ వయసులో ఇక్కడ పడుకున్నావేంటి? ఇల్లూ వాకిలీ లేవా నీకు?"

"ఉందమ్మా. చుట్టాలొచ్చారు."

"చుట్టాలొస్తే నిన్ను బైటికి తోసేశారా? బానే ఉంది వాళ్ళ వరస."

ఆయన నవ్వి రొట్టెలకు వెళ్ళాడు.

బయల్దేరేటప్పుడు అద్దె ఇవ్వబోతే ఇద్రీస్ తీసుకోలేదు. ఇంకోసారి వచ్చినప్పుడు చూసుకుందామన్నారు ఇల్లుగలాయన అన్నాడు. మనసు మార్చుకుంటాడేమోనని పిన్ని ఇద్దరినీ టాక్సీలోకి తరిమింది. ఎక్కుతూ ఎక్కుతూ, సంచులు మోసుకొచ్చిన ముసలాయన చేతిలో టీ ఖర్చులకని కొంత చిల్లర పెట్టింది. ఆయన దాన్ని కళ్ళకద్దుకుని, టాక్సీ మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు.

సెలవులయ్యాక ఇన్షిరాహ్ బడికి వెళ్తే సామియా మొహం మాడ్చుకుని కూర్చుంది.

"రావట్లేదని ఒక్క మాట చెప్పొచ్చుగా. పాపం మా మరిది స్నేహితుడు నా మాట మీద మీకోసం ఇల్లు ఖాళీగా అట్టేపెట్టాడు. నువ్వసలు ఫోనే చెయ్యలేదట."

ఇన్షిరాహ్ తెల్లబోయింది. తను రోజూ మాట్లాడిన నంబరు తీసి చూపించింది. సామియా తన ఫోన్ పక్కన పెట్టి చూసింది.

ఒక్క అంకె తేడా.

ఇన్షిరాహ్ వెంటనే, వచ్చేటప్పుడు రాసుకున్న నంబరు వెతికి ఇద్రీస్‌కి ఫోన్ చేసింది.

"మేం దిగిన ఇల్లు ఎవరిది ఇద్రీస్?"

"ఫర్ఘలీ గారిదమ్మా. రోజూ మీకు రొట్టెలు తెచ్చారే, ఆయనదే."

ఆ ఇంటిని ఎప్పట్నుంచి అద్దెకిస్తున్నారు అని అడిగింది.

"అద్దెకా? భార్య పోయాక ఆయన ఆ ఇంట్లోకి ఎవర్నీ అడుగే పెట్టనివ్వలేదమ్మా. మీ ఫోనొచ్చిన రోజు మాత్రం కిందికొచ్చి, 'రాంగ్ నంబరని చెబుదామంటే ఆ పిల్ల సంతోషం నాకు సందిస్తేనా, ఇద్రీస్' అన్నారు."