లైన్ క్లియర్

లైన్‌మన్ల షెడ్డు గోడకు ఒక ఖాళీ ఫ్రేమ్ వేలాడుతోంది. దాని కింద కొవ్వొత్తి వెలుగుతోంది.

"ఇదెవరి పటం అన్నా?" అడిగింది ఆఫీసు నుంచి వచ్చిన మిర్తా.

"పైవాడిదమ్మా," అన్నాడు ఎవారిస్తో, నిప్పుల మీద మాంసం తిప్పుతూ. "ముఖం ఎవడు చూశాడు, ఫోటో పెట్టడానికి?"

అందరూ నవ్వారు. ఆదివారం కాబట్టి పని లేదు. చల్లటి తెరెరె ఆకుల పానీయం గిన్నె చేతులు మారుతోంది.

తీగలో కరెంటు ఆగిందని కబురు రానిదే స్తంభం ఎక్కకూడదు. ఆ కబురే లైన్ క్లియర్. అది రెసిస్తెన్సియా నగరంలోని కరెంటు సంస్థ ప్రధాన కార్యాలయం పైమేడ నుంచి రావాలి. చాకో జిల్లాల్లో ఎన్ని ఊళ్ళున్నా పైమేడ ఒక్కటే. జవాబు ఫోన్‌లో ఒకే ఒక్క మాట మెసేజ్‌గా వస్తుంది. పేరుండదు, సంతకం ఉండదు. అందుకే వీళ్ళు 'పైవాడు' అని పేరు పెట్టేశారు.

"మనం ఎండలో మాడుతుంటే పైవాడు ఫ్యాను కింద కునుకు తీస్తుంటాడు," అన్నాడు ఫెర్మిన్. "లేచి, ఒళ్ళు విరుచుకుని, తిని, అప్పుడు మనల్ని తలుచుకుంటాడు."

మిర్తాకు పొలమారింది.

"నిన్నెవరో తలుచుకుంటున్నారమ్మాయ్," అంటూ ఎవారిస్తో ఆమె నెత్తి మీద తట్టాడు.

ఫెర్మిన్ కుడిచెయ్యి మోచేతి దాకా కాలి ముడుచుకుపోయింది. పోయిన వేసవిలో లైన్ క్లియర్ కోసం చూసి చూసి, విసిగిపోయి స్తంభం ఎక్కేశాడు.

"ఆరోజు అన్ని ఊళ్ళూ ఒక్కసారే అడిగాయట," అంది మిర్తా మెల్లగా. "ఒక్క మనిషి..."

"నువ్వు వాడి తరఫున మాట్లాడకు!" అన్నాడు ఫెర్మిన్.

మిర్తా తల దించుకుంది. తర్వాత ఫోన్ తీసి, తను తయారుచేసిన చాట్‌బాట్ చూపించింది. సాయంత్రం తరగతులకు వెళ్ళి నేర్చుకుని కట్టింది దాన్ని.

"ఇక మీరడిగేది పైమేడకు పోదు. సబ్‌స్టేషన్‌లో స్విచ్ దగ్గరున్న మనిషికే పోతుంది. అతను కరెంటు ఆపి, స్విచ్‌కు తాళం వేసి, ఫోటో పంపాలి. అప్పుడే బాట్ మిమ్మల్ని ఎక్కమంటుంది."

ఫెర్మిన్ ఎడమచేత్తో ఫోన్ అందుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"వాళ్ళు దీన్ని బతకనివ్వరు," అన్నాడు.

"చూద్దాం," అంది మిర్తా.

మర్నాడు పొద్దున్నే, ప్రధాన కార్యాలయం ఇంకా తెరవకముందే, ఆమె ఇంజనీర్ సొతేలో గదిలో ఉంది.

"బాట్ బాగుంది. మధ్యలో పైమేడను కూడా పెట్టు," అన్నాడు సొతేలో.

"పెట్టను సార్."

"ఏంటీ?"

"పెట్టనన్నాను. స్విచ్ ఆపినవాడికి తెలిసినంత పైమేడకు తెలీదు. మధ్యలో ఆ కుర్చీ ఎందుకు? ఇంకో చెయ్యి కాలడానికా?"

"ఫెర్మిన్‌ది తప్పని రిపోర్టులో రాశాం."

"రాసింది మీరు. కాలింది అతనికి."

సొతేలో మొహం ఎర్రబడింది. "ఆ కుర్చీ ఎగిరిపోతుంది. తెలుసా?"

"తెలుసు."

"అందులో కూర్చునే మనిషికి ఇద్దరు పిల్లలు."

"వాళ్ళ పేర్లు కూడా తెలుసు సార్."

సొతేలో ఆమెను ఎగాదిగా చూశాడు. గొంతు తగ్గించాడు.

"మిర్తా, నా మాట విను. వేరే ఉద్యోగం ఇస్తానని కూడా నేను మాటివ్వలేను. ఆ మనిషి రోడ్డున పడుతుంది."

"ఫెర్మిన్ పడలేదా?"

"సరే. నిబంధన ప్రకారమే పోదాం. పని పద్ధతి మార్చాలన్నా ముందు పైమేడ అనుమతి కావాలి. వస్తుందనుకుంటున్నావా?"

"పంపి చూడండి."

సొతేలో కంప్యూటర్ వైపు తిరిగాడు. ఆమె కదల్లేదు. చివరికి విసురుగా మీట నొక్కి పంపేశాడు.

మిర్తా లేచింది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"ఈసారి పైవాడు ఆలస్యం చెయ్యడు సార్," అంది.

తర్వాత మెట్లెక్కి పైమేడకు వెళ్ళి, ఇన్నేళ్ళుగా తను కూర్చుంటున్న ఆ ఒక్కగానొక్క కుర్చీలో కూర్చుని, 'అనుమతించడమైనది' అని నొక్కింది.