మూడు పాయల జడ

"ఇంకొంచెం బిగించండి. వదులుగా ఉంటే మధ్యాహ్నానికే ఊడిపోతుంది," అంది భార్య, స్టూలు మీద అటు తిరిగి కూర్చుని.

వాచీలాయన పళ్ళు బిగబట్టి మూడో పాయ లాగాడు. వీధంతా ఆయన్ని పిలిచేది ఆ పేరుతోనే. ముప్ఫై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన మనిషికి ఈ వయసులో జడలు వేసే ఉద్యోగం దొరికింది. మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నప్పటి నుంచి కొట్టుకు తాళమే. కట్టు విప్పాక కూడా వేళ్ళకు పట్టు చిక్కలేదు. ఫిజియోథెరపీకి పంపిస్తే రెండు రోజులు వెళ్ళి, మూడో రోజు రబ్బరు బంతిని డాక్టరు బల్ల మీదకు విసిరికొట్టి వచ్చేశాడు. "బంతులు నొక్కడానికి నేనేమైనా పసిపిల్లాణ్ణా?" అని ఒంటికాలి మీద లేచాడు. అది చాలదన్నట్టు భార్యకు భుజం పట్టేసింది. చెయ్యి చెవి దాటి పైకి లేవదంది. దాంతో దువ్వెన ఆయన చేతికొచ్చింది.

అంతవరకు ఎలాగో సర్దుకున్నాడు. కానీ ఆమె వైద్యానికి కుదుర్చుకున్నది ఆ బంతి డాక్టర్నే. ఆయన కడుపుమంటంతా అక్కడే.

జడ పూర్తయిందో లేదో, ఆమె ఫోను అందుకుంది.

"డాక్టరుగారూ, నేనేనండీ. ఇవాళ జడ చివరిదాకా వచ్చింది. ఆ, బాగానే బిగిసింది. లేదండీ, మధ్యలో ఎక్కడా ఆగలేదు." ఆపైన పెద్ద నవ్వు. "అలాగేనండీ, రేపట్నుంచి సన్న రిబ్బను."

"నీ జడ సంగతి వాడికెందుకు?" అన్నాడు వాచీలాయన, ఆమె ఫోను పెట్టీ పెట్టకముందే.

"అడుగుతారు. వైద్యంలో భాగం."

"వైద్యం భుజానికా, జడకా?"

"మీకన్నీ వంకరగానే కనిపిస్తాయి," అంటూ ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఆయనకు తిండి సయించలేదు. ఆ డాక్టరుకు నలభై దాటి ఉండవు. ఇస్త్రీ చొక్కా, నెత్తి నిండా జుట్టు. వాచీలాయన అద్దంలో తన బట్టతల చూసుకుని మొహం తిప్పుకున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో భార్య జడ ఎంత పొడుగుంటుందో ఆయన ఏనాడూ పట్టించుకోలేదు. పరాయివాడు పట్టించుకున్నాడు. అది కంట్లో నలుసులా సలుపుతోంది.

ప్రతి బుధవారం ఆమె ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళివస్తుంది. ఒకసారి చిన్న డబ్బా ఒకటి తెచ్చి ఆయన ముందు పెట్టింది. నిండా తలపిన్నులు, మినపగింజంత తలకాయలతో.

"డాక్టరుగారిచ్చారు. ఇకనుంచి జడతో పాటు ఇవీ పెట్టాలట."

"వాడిచ్చిన పిన్నులు నాచేత పెట్టిస్తావా? సిగ్గు లేదూ!"

"మీకు చేతకాకపోతే చెప్పండి. ఆయన్నే పెట్టమంటాను."

ఆయన పన్నెండు పిన్నులూ వరస తప్పకుండా పెట్టాడు. ఒక్కటీ జారనివ్వలేదు. వాడికి ఇంత అందంగా పెట్టడం వస్తుందేమో చూద్దాం అనుకున్నాడు.

"అన్నట్టు, నువ్వు ఇంట్లో ఒక్కనాడైనా వ్యాయామం చెయ్యగా చూడలేదేం?"

"ఆయన ముందైతేనే కుదురుతుందండీ," అంది ఆమె, తల వంచుకుని.

మర్నాడు కిటికీలోంచి ఆయనకు అసలు సంగతి కనబడింది. వరండాలో భార్య దుప్పటి ఆరేస్తోంది. రెండు చేతులూ తలపైకెత్తి, తాడు మీద దుప్పటి పరిచి, రెండు చివర్లా క్లిప్పులు పెట్టింది. ఈయన్ని చూడగానే కుడి చెయ్యి గభాలున దించేసి, "అబ్బా, భుజం!" అని మూలిగింది.

అయితే నొప్పి వట్టిదే. నొప్పే లేని మనిషి ఆ డాక్టరు దగ్గరికి ఎందుకు పోతున్నట్టు? ఆలోచించేకొద్దీ వాచీలాయనకు ఒళ్ళు మండిపోయింది. ఆమె కూరగాయలకు వెళ్ళగానే చొక్కా తొడుక్కుని, చేతి గుండీలు కూడా పెట్టుకుని, విసవిసా బయల్దేరాడు.

ఫిజియోథెరపీ గదిలో ఒక ముసలాయన గోడకున్న కప్పీ తాళ్ళు లాగుతున్నాడు. అతనికేదో చెబుతున్న డాక్టరు, గుమ్మంలో వాచీలాయన్ని చూసి ఆగిపోయాడు.

"నా భార్యకు ఏ నొప్పీ లేదు. నాకు తెలిసిపోయింది!"

"మీకు తెలిసినట్టు ఆవిడకు తెలుసాండీ?" అన్నాడు డాక్టరు మెల్లగా.

"అంటే ఇద్దరూ కలిసే నాటకం ఆడుతున్నారన్నమాట!"

"అవునండీ."

ఆ నింపాదికి వాచీలాయన అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "ముందు ఆ ఫైలు తియ్యి!"

డాక్టరు బీరువాలోంచి ఫైలు తీసి బల్ల మీద పెట్టాడు. దానికి చుట్టిన సన్నదారం ముడి విప్పబోయి, ఎందుకో ఆగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మీరే విప్పండి."

వాచీలాయన ముడి ఊడదీసి, ఫైలు మధ్యలో తెరిచాడు.

'మొదటి వారం: జడ సగందాకా, వదులు. మూడో వారం: చివరిదాకా, బిగువు. నాలుగో వారం: సన్న రిబ్బను, ముడితో. ఏడో వారం: పన్నెండు పిన్నులు. ఒక్కటీ జారలేదు.'

"నా పెళ్ళాం జడ నీ ఫైల్లో రాసుకుంటావా!" అని అరవబోయి, పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు. "పనికిరానివాణ్ణయ్యానని నన్ను వదిలేస్తుందా బాబూ? అదొక్కటీ చెప్పు."

"మొదటి పేజీ చూడండి," అన్నాడు డాక్టరు.

వాచీలాయన పేజీలు వెనక్కి తిప్పాడు.

రోగి పేరు అన్నచోట తన పేరే ఉంది.