కదలని మంద

లక్ష్మీనరసమ్మ కాఫీ గ్లాసుతో బయటికొచ్చేసరికి అరుగు మీద మళ్లీ ఆ గొర్రెల కాపరే.

"ఏమప్పా ఎర్రిస్వామీ, పొద్దు పొడవకముందే దిగబడితివి?"

"డ్రైవరన్నను పిల్చుకపోదామని వచ్చినానమ్మా."

లోపల్నుంచి ఈరన్న చెప్పులేసుకొని వచ్చినాడు. పెండ్లాం చేతిలోని కాఫీ అందుకొని, సగం కాపరికి పోసినాడు. తాగి ఇద్దరూ జీవాల వెంట పోయినారు.

కదిరి రూట్లో బస్సు తోలిన మనిషి ఈరన్న. ఇంకా సర్వీసు ఉండంగానే దిగేసినాడు. దిగేట్టు చేసింది లక్ష్మీనరసమ్మే. యాడ బస్సు బోల్తాపడిందని టీవీలో చెప్పినా ఆమెకు ముద్ద దిగేది కాదు.

"ఇంటిపట్టున ఉండయ్యా, నా ప్రాణం కుదుటపడతాది," అని ఒకటే పోరు.

ఇంటిపట్టున ఉన్నాడు. గోడకానుకొని కూర్చునేవాడు. హారన్ వినిపిస్తే లేచేవాడు, మళ్లీ కూర్చునేవాడు. తిండి తగ్గింది, మాట తగ్గింది. ఒకనాడు యాడికో పోయి, ఈ కాపరిని వెంటబెట్టుకొని వచ్చినాడు. అప్పట్నుంచి రోజూ ఇదే తంతు.

"ఏమక్కా, మీ ఆయన గొర్రెలకు గూడా టికెట్లు కొట్టిస్తాండాడా?" పక్కింటి ఉమాదేవి నవ్వింది.

లక్ష్మీనరసమ్మకు నవ్వు రాలేదు. ఎండదెబ్బ తగిలితే? పాము కరిస్తే? అన్నిటికంటే ఆ కాపరంటేనే భయం. చేలల్లో ఎరువు కోసం రైతులు పెట్టించుకున్న మందలన్నీ, మేపు అయిపోయి, ఎప్పుడో నీళ్లున్న దిక్కుకు పోయినాయి. గడ్డిపరక లేని బీట్లో ఈయప్ప మంద ఒక్కటే కదల్లేదు.

ఎందుకు? రిటైరైనప్పుడొచ్చిన దుడ్లు వాసన పట్టినాడా?

మర్నాడు గడపకు అడ్డం నిలబడింది.

"మేపులేని ఊర్లో నీకేం పనప్పా? అమాయకుడు దొరికినాడని గుంజుకుందామనా? ఇంగ మా గడప తొక్కొద్దు."

ఎర్రిస్వామి తల వంచుకున్నాడు.

"పోతాలేమ్మా. అన్నను మాత్రం ఒక్కన్నే ఇడ్సొద్దు."

"మా ఇంటాయన్ని ఎట్ల చూసుకోవల్లనో నువ్వు నేర్పిస్తావా? పోప్పా!"

తెల్లారి లేస్తే పక్కలో ఈరన్న లేడు.

ఆమె కొంగు బిగించి మంద దిగిన చేలోకి ఉరికింది. జీవాలు లేవు. పెంటికలు, చల్లారిన పొయ్యి. వాటి నడుమ మొగుడొక్కడే కూర్చోనుండాడు.

"దేవుడా, ఈడుండావా! వాడు నిన్నేం చేసినాడోనని చచ్చినాను. పోనీ, పీడ విరగడైంది. లెయ్యి."

ఈరన్న లేవలేదు. దోవ వైపు నుంచి చూపు తిప్పలేదు.

"పోయినాడు నరసమ్మా," అన్నాడు మెల్లగా. "ఆ పొద్దు ఎండిన బాయిలో దూకబోతే నా రెక్క పట్టుకొని ఎనక్కి లాగినోడు ఆయప్పే, నన్ను ఒక్కన్నే ఇడ్సిపోలేక, జీవాల్ని పస్తులు పెట్టుకొని ఇన్నాళ్లూ ఈడే ఉండిపోయినాడు."