సగంలో ఆగిన కార్డు

"ఈ ఫోటోలో ఉన్నది నువ్వు కాదు!"

సెక్యూరిటీ గార్డు ముసలాయన చొక్కా పట్టుకుని కుర్చీలోంచి లేపాడు.

నిఘంటువు కార్యాలయమంతా కార్డుల గది ముందు గుమిగూడింది. ముసలాయన మెడలోని బ్యాడ్జీ ఎప్పుడో రిటైరైన గుమాస్తాది. దాన్ని చూపించి నాలుగు నెలలుగా రోజూ వస్తున్నాడు. జీతం లేదు. హాజరుపట్టీలో పేరూ లేదు.

"అత్తారింట్లో కూర్చున్నట్టు దర్జాగా కూర్చున్నాడు సార్!"

పై అంతస్తు నుంచి దిగివచ్చిన ప్రధాన సంపాదకుడు ఆ ముఖం కేసి చూడనైనా లేదు. "బయటికి పంపెయ్."

"ఒక్క పది నిమిషాలు బాబూ," ముసలాయన గార్డును బతిమాలాడు. "ఈ ఒక్క మాట పూర్తిచేసి నేనే పోతాను."

"వేషాలెయ్యకు తాతా. నడు!"

గేటు మూసుకుంది.

ఉపసంపాదకురాలు బల్ల మీది కార్డు తీసింది. 'వేషం' అన్న మాటకు అర్థాలు రాసే కార్డు. పై సగం సిరా వెలిసిపోయింది. కింది సగం ఇంకా ఆరలేదు.

"సార్, పైన తేదీ ముప్పై ఏళ్ల కిందటిది. కింద ఇవాళ్టిది. చేతిరాత మాత్రం ఒకటే!"

సంపాదకుడు చటుక్కున వెనుదిరిగాడు. "చదువు."

"మొదటి అర్థం, కట్టుకునే బట్ట. రెండోది, నాటకంలో పాత్ర. పాత రాత ఇక్కడ ఆగిపోయింది. ఇవాళ రాసింది... మూడోది, మోసం. నాటకం ముగిశాక కూడా విప్పనివాళ్ల వల్ల ఈ అర్థం వచ్చి ఉంటుంది."

ఆమె కార్డును ఆయన ముందు పెట్టింది.

"ఎవరు సార్ ఆయన?"

"ఇక్కడే పనిచేసేవాడు. మన కార్డులు పోటీ సంస్థకు చేరవేశాడని ఉన్నపళంగా తీసేశారు."

"అలాంటివాడు తిరిగొచ్చి నాలుగు నెలలు ఊరికే రాస్తాడా?"

సంపాదకుడు ఆ కార్డు ముందే కూర్చుండిపోయాడు.

గంట తర్వాత గార్డు రొప్పుతూ వచ్చాడు.

"సార్, తాత బస్టాపులో కూలబడ్డాడు. ఆసుపత్రికి మోసుకెళ్లాం. దక్కలేదు." అతను టోపీ తీశాడు. "ఎవరని రాయాలో అడుగుతున్నారు."

"ఈ నిఘంటువు మొదలుపెట్టిన మనిషని రాయించు. ఈ అలమరాల్లో సగం కార్డులు ఆయనవే."

"మరి ఆ రోజు కార్డులు చేరవేసింది?" అడిగింది ఉపసంపాదకురాలు.

సంపాదకుడు తలెత్తాడు.

"నేను."